మోకాలి కింద దిండు

మా ఆడపడుచు ఇప్పుడు ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకుంటుంది. కుళాయి దగ్గర గోడకి కాస్త ఎడంగా నిలబడి, కుడికాలు వెనక్కి ముడిచి, బరువంతా ఎడమకాలి మీద వేసి, నోటి నిండా నురగతోనే నాకేదో చెప్పబోతుంది. ఊగుతుంది. గోడ పట్టుకోదు. నేను చూడనట్టే టీ వడపోసుకుంటాను.

ఇదివరకు మా ఇంట్లో పొద్దు ఇలా మొదలయ్యేది కాదు. తను సిటీ బస్సులో కండక్టరు. మొదటి ట్రిప్పు తనదే. వీధి దీపాలు ఆరకముందే ఒక చేత్తో బ్రష్షు, ఒక చేత్తో జడ, భుజాన తోలుసంచీ, బూట్ల తాళ్ళు నేల మీద ఈడుస్తూ మెట్లు రెండేసి, మూడేసి దూకి దిగేది. "నెమ్మదే మిడతా, మెట్లు ఎక్కడికీ పారిపోవు" అని వాళ్ళన్నయ్య కింద స్కూటరు స్టార్టు చేసి పెట్టుకుని అరిచేవారు. ఆ అన్నయ్యే మా ఆయన. చెల్లెల్ని డిపో గేటు దగ్గర దింపి వచ్చాకే టీ తాగేవారు. ఆయన పోయాక స్కూటరు గోడవారన ఉండిపోయింది. మిడత నడిచి వెళ్ళేది. నేను అలవాటు కొద్దీ రెండు కప్పులు పెట్టి, ఒకటి తాగి, రెండోది చల్లారిపోయాక పారబోసేదాన్ని.

తన సంగతి చెప్పాలంటే బస్సు సంగతి చెప్పాలి. నలభై దాటినా పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "ఫుల్లుగా ఉందండీ, వెనక బండిలో రండి" అనేది. బండి మీద ఒక బెల్లు కొడితే ఆగమని, రెండు కొడితే పోనిమ్మని. ఇంట్లోనూ అంతే. కూర వడ్డిస్తుంటే కంచం అంచు మీద వేలితో ఒకసారి కొట్టిందంటే చాలని. రెండుసార్లు కొట్టిందంటే ఇంకాస్త వెయ్యమని. నాకు మాటలు తక్కువ, తనకి ఎక్కువ. అయినా మా ఇద్దరికీ ఆ బెల్లుల భాష సరిపోయేది.

తను బస్సు దిగే తీరు కూడా వేరు. రూటు చివర బస్సు వెనక్కి మళ్ళించే చోటు ఒకటుంది. అక్కడ కండక్టరు దిగి, వెనక ఎవరూ లేరని చూసి ఈల వెయ్యాలి. బండి పూర్తిగా ఆగకముందే మిడత ఎడమకాలు కింద పెట్టేసేది. పాదం నేల మీద ఆనగానే ఒళ్ళంతా గిరుక్కున వెనక్కి తిప్పి చూసేది. ఏళ్ళ తరబడి అలాగే దిగింది. కొత్తగా చేరినవాళ్ళు అది చూసి నేర్చుకోవాలని తంటాలు పడేవాళ్ళట. ఒకరోజు పాదం నేలకి అతుక్కున్నట్టు అక్కడే ఉండిపోయింది, మనిషి తిరిగింది.

"లోపల టప్‌మంది వదినా. టికెట్టు చింపినట్టు" అంది ఇంటికొచ్చాక. తనని మోసుకొచ్చిన డ్రైవరన్నయ్య గుమ్మంలో నిలబడి ఆయాసపడుతున్నాడు. వాళ్ళిద్దరూ ఒకే బండి మీద చాలాకాలంగా పనిచేస్తున్నారు. "ఎక్స్‌రే తీయించాను చెల్లెమ్మా, ఎముకలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏం లేదన్నారు" అన్నాడు. మోకాలు చూస్తే ఏం లేనట్టు లేదు. డిపోకి చేరేలోపలే ఉబ్బిపోయి, చిప్ప ఎక్కడుందో తెలియకుండా గుమ్మడికాయలా అయింది.

మంచు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టాం. కట్టు కట్టాం. వాపు తగ్గింది. ఇంకేముంది, సెలవు రద్దు చేసుకుంటానని మిడత లేచి నిలబడింది. తువ్వాలు అందుకుందామని పక్కకి తిరిగిందో లేదో మోకాలు లోపల ఎటో జారిపోయి, నేల మీద కూలబడింది. ఏడవలేదు. కాలి వైపు చూస్తూ "ఈ కాలు నాది కాదు వదినా" అంది. 

అప్పుడు ఎముకల పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన కాలు ముట్టుకోకుండా ముందు మాటలతోనే చూశాడు. పడ్డప్పుడు చప్పుడు వినిపించిందా? వాపు వెంటనే వచ్చిందా, మర్నాడా? మెట్లు దిగుతుంటే కాలు జారినట్టుంటోందా? అన్నిటికీ మిడత టికెట్లు కొట్టినంత వేగంగా జవాబులిచ్చింది. తరవాత బల్ల మీద పడుకోబెట్టి కుడికాలు పట్టుకున్నాడు.

"అది కాదు సార్, దెబ్బ తగిలింది రెండోది" అంది మిడత.

"తెలుసమ్మా. నీ మంచి మోకాలు ఎంత కదులుతుందో తెలియకపోతే చెడ్డది ఎంత ఎక్కువ కదులుతోందో నాకెలా తెలుస్తుంది?"

కుడికాలు కాస్త వంచి, తొడ ఒక చేత్తో బిగబట్టి, పిక్క పైభాగం ఒక చేత్తో తనవైపు లాగాడు. కదల్లేదు. ఎడమకాలు అలాగే లాగితే ముందుకొచ్చింది, నాకే కనపడింది. వచ్చి, ఆగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ అక్కడే ఆగింది. తరవాత మోకాలిని పక్కకి నెట్టి చూశాడు. మిడత పళ్ళు బిగబట్టింది.

"ఎక్స్‌రేలో ఎముకే కనపడుతుంది. రెండెముకల్ని కలిపి పట్టుకునే పట్టీలు కనపడవు. వాటినే లిగమెంట్లంటాం. నీకు రెండు దెబ్బతిన్నాయి. పూర్తిగా తెగి ఉంటే నేను లాగినప్పుడు ఇలా గట్టిగా ఆగదు. అయినా స్కానింగు చూసి చెబుతాను" అన్నాడు.

స్కానింగు గొట్టంలోంచి బయటికొచ్చి "లోపల ఒకటే డబడబ వదినా, మా బండి ఇంజనే నయం" అంది. కాగితం చూశాక డాక్టరు అదే చెప్పాడు. లోపలి పక్క పట్టీ బాగా చిరిగింది కానీ తనంతట తను అతుక్కునే రకం. మోకాలి మధ్యలో ఉండేది కొంత తెగింది, కొంత నిలిచింది. నాకు పాత దుప్పటి అంచు గుర్తొచ్చింది. పోగులు లేచిపోయినా నాలుగు దారాలు పట్టుకుని ఉంటాయి చూడండి, అలాగన్నమాట.

"ఆపరేషనా?" అని అడిగింది మిడత.

నా చేతిలో నీళ్ళసీసా మూత కింద పడి బల్ల కిందికి దొర్లింది. మా ఆయన నాకు చెయ్యి ఊపుతూ ఆపరేషను గదిలోకి వెళ్ళారు. రోగం అప్పటికే ముదిరిపోయిందని తరవాత తెలిసింది. ఎవరి తప్పూ లేదు. కానీ అక్కణ్ణుంచి ఆయన మంచం దిగలేదు. అలాంటి తలుపు ఇంకోసారి నా ముందు మూసుకోవడం నావల్ల కాదనుకుంటూ బల్ల కింద మూత వెతుకుతూ ఉండిపోయాను.

"ఇప్పుడే వద్దనీ అనను, కావాలనీ అనను" అన్నాడు డాక్టరు. "అందరికీ ఒకే మాట చెప్పే జబ్బు కాదిది. నీకు ముందు వ్యాయామంతో ప్రయత్నిద్దాం. తొడ కండ బలపడితే ఆ పట్టీ చేసే పనిలో సగం అదే చేస్తుంది. మూణ్ణెల్లయ్యాక చూస్తాను. అప్పటికీ మోకాలు జారుతూ ఉంటే ఆపరేషను మాట మాట్లాడుకుందాం."

"బస్సు ఎక్కగలనా సార్?"

"ఎక్కడం గురించి నాకు బెంగ లేదమ్మా. దిగడం గురించే."

ఇంటికొస్తుంటే ఆటోలో మిడత పక్కనుంచి పోయే బస్సుల్నే చూస్తూ కూర్చుంది. కాలు బాగుపడకపోతే డిపోలో కిటికీ వెనక కూర్చోబెట్టి పాసులు రాయిస్తారు. అలా కూర్చున్నవాళ్ళు తనకి తెలుసు. "బండి కదలకుండా కడుపులో అన్నం ఎలా అరుగుతుంది వీళ్ళకి" అని వాళ్ళని ఆటపట్టించేది తనే.

ఆ తరవాత నేను తనకి చెయ్యని పని లేదు. నిజం చెప్పాలంటే, ఆయన పోయాక నా చేతులకి మొదటిసారి పని దొరికింది. మంచం పక్కన స్టీలు గ్లాసు, చెంచా పెట్టాను. టంగుమంటే పరుగెత్తుకెళ్ళేదాన్ని. నీళ్ళు, దువ్వెన, ఫోను, అన్నీ చేతికే. మోకాలి కింద మెత్తటి దిండు. అది మా ఆయనది. ఆయన ఆఖరి నెలల్లో మోకాళ్ళ కింద దిండు పెడితేనే నిద్రపోయేవారు. నా చేతులు అడక్కుండానే ఆ దిండు తెచ్చి అలాగే పెట్టాయి. "అబ్బ, ప్రాణం లేచొచ్చింది వదినా" అంది మిడత. దాంతో రాత్రీ పగలూ అది అక్కణ్ణుంచి కదల్లేదు.

వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపీ ఆవిడ దగ్గరికి వెళ్ళాం. భారీ మనిషి, కత్తిరించిన జుట్టు. అంత మనిషీ చేతులానించకుండా నేల మీద కూర్చుని లేస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. మిడత ఆవిడకి మొదటిరోజే చెకింగు అని పేరు పెట్టింది. దారిలో బస్సెక్కి టికెట్లు తనిఖీ చేసే అధికార్లని వాళ్ళు అలాగే అంటారు.

నేను కిందికి వంగి మిడత చెప్పు విప్పుతుంటే చెకింగు నా వైపు చూసింది.

"మీకు కూడా మోకాలు నొప్పా అమ్మా?"

"లేదండీ."

"మరి వ్యాయామం మీరు చేస్తున్నారేంటి? ఆవిడ్ని వంగనివ్వండి."

మిడత పకపకా నవ్వింది. చెకింగు తనవైపు తిరిగింది. "కాలు చాపండి."

చాపింది.

"పూర్తిగా."

"పూర్తిగానే చాపాను మేడం."

ఆవిడ తన చెయ్యి ఎడమ మోకాలి కిందకి దూర్చింది. సులువుగా దూరింది. కుడి మోకాలి కింద దూరలేదు. "ఇంట్లో ఎలా పడుకుంటున్నారు?"

నేనే అందుకున్నాను. కాస్త గర్వంగానే అనుకుంటాను. "మోకాలి కింద మెత్తటి దిండు పెడతానండీ. అస్సలు తియ్యను."

"హాయిగా ఉంటుంది కదూ?"

"చాలా" అంది మిడత.

"అందుకే అందరూ పెడతారు. దెబ్బతిన్న మోకాలికి వంగి ఉంటేనే హాయి. వంగే ఉంటే అలాగే బిగుసుకుపోతుంది. ఇక చాచలేరు. చాచలేని కాలికి కండ రాదు, కండ లేకపోతే జారుతుంది. దిండు పారెయ్యక్కర్లేదు. మడమ కింద పెట్టండి. మోకాలి కింద ఏమీ ఉండకూడదు. దాని బరువుకి అదే దిగుతుంది."

ఆ సాయంత్రం మంచం దగ్గర దిండు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆయన మోకాళ్ళకి ఇక నడిచే పని లేదు, హాయి ఒక్కటే కావాలి. అప్పుడు అది సరైన చోటే. ఇప్పుడు దాన్ని మడమ కిందకి తొయ్యడానికి నా చేతులు రాలేదు. అది ఆయన తల పెట్టుకున్న దిండు కూడా.

మిడత నా మొహం చూసింది. దిండు లాక్కుని తనే మడమ కింద పెట్టుకుంది. "అన్నయ్య ఏమీ అనుకోడులే వదినా. వాడికి నా కాళ్ళు కొత్తా? చిన్నప్పుడు వాడి మొహం మీదే పెట్టుకు పడుకునేదాన్ని."

అది సుఖమైన పని కాదు. మోకాలు గాల్లో వేలాడుతుంటే వెనక నరాలు లాగి తనకి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నొప్పి తెలియకుండా ఉండాలని కాలి మీద డ్యూటీ చేసేది. "ముందుకి జరగండి, ముందుకి జరగండి, లోపల ఖాళీ ఉంది! ఏయ్ మోకాలూ, నిన్నే, తలుపు దగ్గర నిలబడకు!" నేను రోజూ చెయ్యి దూర్చి చూసేదాన్ని. కొన్నాళ్ళకి చెయ్యి దూరడం కష్టమైంది. ఇంకొన్నాళ్ళకి వేళ్ళ కొసలు మాత్రం దూరాయి. ఒకరోజు మడత పెట్టిన చేతిరుమాలు కూడా దూరలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తను మంచం పట్టె మీద రెండుసార్లు కొట్టింది. బండి పోనిమ్మని.

తొడ కండ మాత్రం తొందరగా రాలేదు. అది చిక్కిపోయి, పెద్ద గలీబులో చిన్న దిండులా జారుతుండేది. చుట్టిన తువ్వాలు మోకాలితో నొక్కడం, కాలు చాచి ఎత్తడం, కుర్చీలోంచి మెల్లగా లేవడం, అన్నీ చేసింది. గ్లాసూ చెంచా మాత్రం అక్కడే ఉన్నాయి. టంగుమంటే నా కాళ్ళు ఆగేవి కావు. చివరికి ఒకరోజు మిడతే వాటిని తీసుకెళ్ళి అంట్లలో పడేసింది. "నువ్వు చెయ్యడం మాను అంటే మానవు, నేను పిలవడం మానేస్తాను" అంది. మంచినీళ్ళకి తనే కుంటుకుంటూ వంటగదిలోకి వస్తుంటే గోడకి వీపానించి నిలబడి, చేతులు కట్టుకోవడం నేర్చుకున్నాను. వంట నేర్చుకోవడం కన్నా కష్టం అది.

డాక్టరు చూస్తానన్న గడువు దగ్గరపడింది. చేతికర్ర వదిలేసి, మోకాలికి కట్టు బిగించుకుని మెట్లు ఎక్కి దిగుతోంది. సరిగ్గా అప్పుడు డ్రైవరన్నయ్య వచ్చి వీధిలోంచే "కండక్టరమ్మా!" అని కేకేశాడు. తను సంబరంగా మెట్లు దిగింది. ఆఖరి మెట్టు మీంచి పాత పద్ధతిలోనే ఎడమకాలు కింద పెట్టి, పైన ఉన్న నాకు "వదినా, టీ!" అని చెప్పడానికి గిరుక్కున వెనక్కి తిరిగింది. మోకాలు జారింది.

ఆ రాత్రికి మళ్ళీ వాపు. నేను వంటగదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. ఆపరేషను గది తలుపే కళ్ళ ముందు. మిడత గోడవైపు తిరిగి పడుకుంది, దానికి ఇంకా భయమేసింది.

చెకింగు కాలంతా తడిమి చూసింది. ముందుకి లాగింది, పక్కకి నెట్టింది. "ఇదివరకు ఎక్కడ ఆగిందో ఇప్పుడూ అక్కడే ఆగుతోంది. కొత్తగా ఏం తెగినట్టు లేదు, డాక్టరు గారికీ చూపిద్దాం. అసలు మీరు ఎలా దిగారు? చేత్తో గోడ పట్టుకుని, నాకు మెల్లగా చూపించండి."

మిడత చూపించింది. పాదం ఆనింది. ఒళ్ళు తిరగబోయింది.

"ఆగండి! బస్సు కూడా ఇలాగే దిగుతారా?"

"నాలా ఎవరూ దిగలేరు మేడం" అంది మిడత, అంత బెంగలోనూ.

"ఎవరూ దిగకూడదు. పాదం నేలలో పాతేసి మనిషి తిరిగితే మధ్యలో నలిగేది మోకాలే. మంచి మోకాలైనా ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? మేం కండ తెచ్చివ్వగలం. ఈ అలవాటు మీరే మానాలి. బండి ఆగాలి. పాదం దిగాలి. తిరిగేటప్పుడు చిన్న చిన్న అడుగులతో, పాదంతో సహా తిరగాలి."

వాపు తగ్గాక మా మెట్లే బస్సయ్యాయి. నన్ను డ్రైవరుగా పైమెట్టు మీద కుర్చీలో కూర్చోబెట్టి చేతికి జల్లెడ ఇచ్చింది, స్టీరింగని. నిజం డ్రైవరు కింద నిలబడి అడ్డంగా వచ్చే మనిషి వేషం వేశాడు. మిడత కింద మెట్టు మీద నిలబడి కటకటాల మీద ఒకసారి కొట్టింది. నేను బండి ఆపాలి. ఆపాను. జల్లెడకి బ్రేకెలా వేస్తారో తెలియక కాళ్ళు రెండూ నేలకేసి తొక్కాను.

"అయ్యో చెల్లెమ్మా, అలా కొడితే వెనకున్న ముసలాళ్ళంతా ముందుకొచ్చి నీ ఒళ్ళో పడతారు!" అన్నాడు డ్రైవరన్నయ్య.

"ఒక ముసలాయన పళ్ళసెట్టు ఊడిపోయింది వదినా, టికెట్టు డబ్బులు వాపసిమ్మంటున్నాడు!"

నాకు నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి వచ్చింది, తరవాత ఆగలేదు. జల్లెడ ఒళ్ళో పెట్టుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వాను. ఆయన పోయాక నా నవ్వు నేను వినడం అదే. కింద ఇద్దరూ తలెత్తి నా వైపు చూశారు. తరవాత మిడత ఏమీ ఎరగనట్టు "డ్రైవరుగారూ, బండి లేటయింది" అంది.

అలా రోజూ దిగింది. బండి ఆగాలి, పాదం దిగాలి, పాదంతో సహా తిరగాలి. మొదట్లో మరిచిపోయి సగం తిరిగి ఆగేది, తిట్టుకునేది. పోనుపోను తిట్టుకోవడం తగ్గింది.

డాక్టరు గడువు కొంచెం పొడిగించి మళ్ళీ చూశాడు. కుడికాలు ముందు, తరవాత ఎడమకాలు. లాగాడు, ఆగింది. ఒంటికాలి మీద గెంతమన్నాడు, గెంతింది. ఎటూ జారలేదు. టేపు పెట్టి రెండు తొడలూ కొలిచాడు. కొద్దిగానే తేడా.

"ఆపరేషను అక్కర్లేదు. వ్యాయామం మాత్రం మందు మానేసినట్టు మానకూడదు. ఒంటికాలి మీద నిలబడాలి, మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండాలి, రోజూ."

నాకు ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. ఆకలేసింది. ఆసుపత్రి ఎదురుగా బల్ల మీద కూర్చుని ఇద్దరం బన్నులు తిన్నాం. ఎన్ని తిన్నానో తెలియదు కానీ, మిడత నా కాగితం పళ్ళెం అంచు మీద వేలితో ఒకసారి కొట్టింది. చాలు వదినా అని.

డిపో డాక్టరు కూడా సరేనన్నాక తను మొదటి రోజు డ్యూటీకెళ్ళినప్పుడు, చెప్పకుండా వెళ్ళి రూటు చివర నీడలో నిలబడ్డాను. బస్సొచ్చింది. తలుపులో మిడత. బండి మెల్లగా మలుపు తిరుగుతోంది. తను కడ్డీ పట్టుకుని ఉంది. బండి ఆగింది. పూర్తిగా ఆగింది. అప్పుడు పాదం దిగింది. చిన్న చిన్న అడుగులతో, కోడిపెట్టలా, ఒళ్ళంతా కలిసి వెనక్కి తిరిగింది. ఈల వేసింది. నన్ను చూసి "ఏమ్మా, టికెట్టు తీసుకున్నారా?" అని అరిచింది. బస్సంతా నా వైపు చూసింది. ఎవరెటు చూస్తే నాకేం.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఇప్పుడు సాయంత్రమైంది, బయట మబ్బు పట్టింది. డాబా మీద బట్టలున్నాయి. అవి తేవడం ఇదివరకు మా ఆయన పని. దుప్పట్లు మెడకి చుట్టుకుని పాట పాడుకుంటూ దిగేవారు. ఆయన తరవాత నేను తెచ్చేదాన్ని. ఇప్పుడు ఆ మెట్లు మిడతవి. అయినా అలిసిపోయి వస్తుంది కదా అని రోజూ తను రాకముందే దొంగలా వెళ్ళి సగం తెచ్చేస్తున్నాను. ఏడు ఆరేసినా నాలుగే ఆరేసినట్టు నటిస్తే తనూ నమ్మినట్టు నటిస్తోంది.

వీధి మలుపులో తన గొంతు వినిపిస్తోంది, ఎవరితోనో ఏదో వాదిస్తోంది. తీగ మీద తన యూనిఫారం, నా చీరలు, ఆ దిండు గలీబు ఉన్నాయి. కిటికీ అద్దం మీద నాలుగు చినుకులు పడ్డాయి.

పడనీ. ఆ మెట్లు మిడతవి. టీ పెట్టుకుంటాను, రెండు కప్పులు.